స్పైడర్ మంకీ పిల్లను తల్లి ఎత్తుకున్న రోజు

మా అమ్మాయి సునీత అమెరికాలో కోతిపిల్లలకు పాలు పడుతుందంటే మా చర్చిలో అందరూ నవ్వేవారు. ఎనభైల మధ్యలో మిచిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఆమె ఇంటికి వెళ్ళాక సంగతి అర్థమైంది. ఆమె ఉద్యోగం ఒక చిన్న జూలో. అక్కడ ఒక స్పైడర్ మంకీకి జబ్బు చేస్తే, దాని పిల్లను పదిరోజులుగా ఈమే సీసాపాలతో సాకుతోంది. తల్లి కోలుకుంది కనుక ఆ శనివారం ఇద్దరినీ కలపాలి. తల్లి కాదంటే పిల్ల మనుషుల మధ్యే పెరిగి, ఇక కోతుల్లో కలవలేకపోవచ్చు. ఆ బెంగతో అమ్మాయికి నిద్ర లేదు. నేనూ బయలుదేరాను.

ఉదయం ఆరున్నరకు కారెక్కి హైవే మీద దక్షిణంగా గంటకు పైగా వెళ్ళాం. దారిలో టిఫిన్‌కు ఆగితే, సునీత ప్లేటు అలాగే ఉండటం చూసి వంటావిడ బాగోలేదా అని అడిగింది. "పిల్లకి ఇవాళ పరీక్షండీ" అని తెలుగులోనే అనేశాను. సునీత నవ్వి, నా మాటను ఇంగ్లీషులో చెప్పింది. ఆవిడ కాఫీకి డబ్బు తీసుకోలేదు.

జూ టికెట్ మూడు డాలర్లు. అబ్బ, ఏం జీవులండీ ఆ స్పైడర్ మంకీలు! సాలీడు కాళ్ళలా సన్నగా, పొడవుగా కాళ్ళూ చేతులూ. చేతికి బొటనవేలు లేదు. తోక కొస అడుగున వెంట్రుకలు లేకుండా మన అరచేతిలా గీతలుంటాయి. ఆ తోకతో కొమ్మను పట్టి వేలాడుతూ రెండు చేతులా పండ్లు తింటాయి. అడవులు నరికేయడంతో ఇవి తగ్గిపోయాయి. ఒక తల్లి మళ్ళీ కనాలంటే రెండు మూడేళ్ళు పడుతుందట.

సునీతతో పనిచేసే రే పిల్లను తెచ్చి తల్లి ఉన్న బోనులోకి వదిలాడు. సంతోషం పట్టలేక నేను పళ్ళన్నీ కనిపించేలా నవ్వాను. వెంటనే తల్లి మొరిగినట్టు అరిచి, కొమ్మలు ఊపి, ఒక రెమ్మ విరిచి మా మీదికి విసిరి పైకి పోయింది. పిల్ల కింద ఒంటరిగా కీచుమంటోంది.

"నాన్నా, నవ్వకు. పళ్ళు చూపిస్తే కరవడానికొచ్చావనుకుంటుంది."

"మనవరాలిని చూసినట్టుంది, నవ్వు రాకుండా ఎట్లాగమ్మా?"

"నోరు మూసుకుని సంతోషించు. దాని కళ్ళలోకీ చూడకు."

భుజం మీది తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని తల దించుకున్నాను. "మా అత్తగారికీ అలాంటిదొకటి కొనాలి" అన్నాడు రే.

ఎంతసేపటికో తల్లి దిగివచ్చింది. పిల్లను దగ్గరికి లాక్కుని, దాని ఛాతీకి ముక్కు ఆనించి వాసన చూసింది. ఇవి ఒకరినొకరు పలకరించుకునే పద్ధతే అదట. తర్వాత పొట్టకు అదుముకుంది. పిల్ల చిన్ని తోక తల్లి నడుముకు చుట్టుకుంది.

"తీసుకుంది నాన్నా" అంటూ సునీత నేల మీదే కూలబడింది. తువ్వాలు చాటునే ప్రభువుకు స్తోత్రం చెప్పుకున్నాను.

తిరిగి కారు దగ్గరికి వచ్చాక "ఐదు నిమిషాలు నాన్నా" అని సీటుకు తల ఆనించి అమ్మాయి నిద్రపోయింది. అద్దాలు దించి, ఆమె లేచేదాకా గంటసేపు కదలకుండా కూర్చున్నాను. ఆ దేశంలో చాలా వింతలు చూశాను గానీ, అంత తేలికపడ్డ మనసుతో ఎక్కడా కూర్చోలేదు. మీరూ ఇలాంటి జూకు వెళితే తిరుగు ప్రయాణానికి ఒక గంట ఎక్కువే పెట్టుకోండి. కారు నడిపేవాళ్ళకు ఆ నిద్ర అవసరం పడవచ్చు.