అన్న ఆగని సడక్

మా అన్న, నేను ఒక్క దుకాణం తరఫున సైకిల్ తొక్కినోళ్లం. నిజామాబాద్‌ల ఒక సేటుకు సైకిళ్లు కిరాయికిచ్చే దుకాణం ఉండె. పందాలల్ల తొక్కెటందుకు మమ్మల్ని జీతానికి పెట్టుకున్నడు. మేం గెలిస్తే ఆయన దుకాణానికి పేరు. పందెం లేని దినాలల్ల పంక్చర్లు అతికేటోళ్లం.

నాకు సైకిల్ నేర్పింది అన్ననే. సీటు పట్టుకొని ఎనుకంగ ఉరికిండు. పడితే లేపి మోకాలికి పసుపు అద్దిండు. గందుకే ఇది రాస్తుంటే ఇప్పటికీ నోరు చేదైతది.

పందొమ్మిది వందల ముప్పైల ఆఖర్ల, చెరుకు నరికే కాలంల, సైకిల్ దుకాణాల సేట్లు కలిసి మూడు దినాల పందెం పెట్టిండ్రు. మొదటి దినం నిజామాబాద్ నుంచి బోధన్. రెండో దినం బోధన్ నుంచి మళ్ల నిజామాబాద్ మీదికెళ్లి జక్రాన్‌పల్లి. మూడో దినం ఏర్గట్ల దాంక పోయి, అదే తొవ్వల ఎనుకకు మర్రి నిజామాబాద్ రావాలె. మూడు దినాలు తొక్కెటందుకు పట్టిన వక్తు కలిపితే ఎవనిది తక్కువుంటే వాడు గెలిచినట్టు. తొవ్వల సైకిల్ చెడితే పరాయోళ్లు చెయ్యి పెట్టొద్దు. ఒక్క దుకాణమోళ్లు మాత్రం ఒకరి చక్రం ఒకరికి ఇచ్చుకోవచ్చు.

సేటు మా ఇద్దర్ని పిలిచి, "బోధన్‌ల కొత్త దుకాణం తెరుస్తున్న. మీల ఎవడు గెలిస్తే వాడే దానికి పెద్ద. రెండోటోడు వాని కింద పని చేస్తడు," అన్నడు.

బయటికొచ్చినంక అన్న నవ్విండు. "ఎవడైతేంది తమ్మీ, మనింటికే కదా వచ్చేది."

నేను గా మాట నమ్మిన.

మొదటి దినం బోధన్ దగ్గరికొస్తుంటే సడక్ నిండ చెరుకు బండ్లే. ఒక ఎద్దు బెదిరింది, బండి అడ్డం తిరిగింది. అన్న పోయి దానికి గుద్దుకున్నడు. మనిషికేం కాలేదు గని ముందటి చక్రం వంకరైంది. ఎనుకనే ఉన్న నేను దిగిన. ఆయన నోరు తెరవకముందే నా చక్రం ఇప్పి ఆయన సైకిల్‌కు బిగించిన. అన్న నా భుజం తట్టి ఎక్కి పోయిండు. సామాన్లు తెచ్చే సేటు మోటారు వచ్చేదాంక నేను చెరుకు తోట గట్టు మీద కూసున్న. నా ముందటికెళ్లి అందరు పోయిండ్రు. మాపటికి సేటు నన్ను మస్తు కోపం చేసిండు. నాకైతే ఏం బాధ కాలే.

రెండో దినమంత ఎదురుగాలి. తల వంచుకొని తొక్కుడు తప్ప నాకు వేరే యుక్తి తెల్వదు. గట్లనే తొక్కిన. నిజామాబాద్ దాటేటాళ్లకు అందరిని దాటేసిన, ఎనుక సూపు మేర ఎవ్వరు లేరు. అన్నకు పిక్కలు పట్టుకున్నయట, చాన ఎనుకవడ్డడు. మొదటి దినం గట్టు మీద పోయిన వక్తంత ఆ గాలిల మళ్ల దొరికింది. జక్రాన్‌పల్లిల లెక్క చూస్తే, రెండు దినాలు కలిపి నేనే ముందట. మొదటి దినం ముందుగాల చేరిండు గన్క నా తర్వాత అన్న.

ఆ మాపు ఒక రైతు కొట్టంల దిగినం. అన్న ఎక్కడ్నుంచో నూనె తెచ్చి నా కాళ్లకు రాసిండు.

"రేపు నువ్వే గెలుస్తవు. నీ ఎనుకనే ఉంట," అన్నడు.

"గెలిస్తే దుకాణం మనిద్దరిది," అని చెప్పిన.

అన్న అరచేతిల ఇంకింత నూనె పోసుకున్నడు. కాళ్లు పిసుకుతనే ఉన్నడు.

మూడో దినం ఏర్గట్ల కాడ పసుపు ఉడకబెట్టే పొగల నుంచి మర్రినం. ముందట మేమిద్దరమే. జక్రాన్‌పల్లి ఇంక కొంత దూరముందనంగ, మొనదేలిన రాయి ఎక్కి నా ముందటి టైరు చీలింది. చెయ్యెత్తి, "అన్నా, చక్రం," అని పిలిచిన.

ఆయన ఆగిండు. కాలు కింద పెట్టిండు. నా చక్రం చూసిండు, నన్ను చూసిండు.

"మోటారు వస్తది, ఆగు," అన్నడు. ఎక్కి తొక్కిండు.

మోటారు ఎంత ఎనుకున్నదో ఆయనకు తెలుసు. ఆయన అంగీ ఆ దుమ్ముల కనిపించినంత సేపు, మర్రొస్తడనే చూసిన.

నేను నిజామాబాద్ చేరేటాళ్లకు అన్న మెడల దండలున్నయి. మా బాపు ఆయన పక్కన నిలవడి అందరికి చెప్పుకుంటున్నడు. నన్ను చూసి, "నీ సైకిల్ చెడిందటగదా, నీ నసీబు," అన్నడు.

ఇంటికొచ్చినంక మమ్మల్ని కన్న అవ్వ ముందటనే అడిగిన. "మొన్న నా చక్రం నీకు ఇస్తి గదా అన్నా?"

అన్న బువ్వ తింటున్నడు. తల ఎత్తలే. "నేను అడిగిన్నా? నువ్వే ఇచ్చినవ్," అన్నడు.

అవ్వ ఇద్దరి కంచాలల్ల చారు పోసి లోపలికి పోయింది.

బోధన్ దుకాణంల నేను అన్న కింద పనికి కుదిరిన. అప్పటికే నాకు పెండ్లయింది, ఇల్లు గడవాలె. ఆయన గద్దె మీద కూసుండేది, నేను కింద కూసోని ట్యూబులు అతికేది. చెరుకు రైతులు, అంగడికొచ్చిన మరాఠీ యాపారులు పందెం ముచ్చట చెప్పుమని అడిగేది. అన్న చెప్పేది. కొన్ని దినాలు ఉన్నదున్నట్టే చెప్పిండు. మెల్లగ నా టైరు చీలిన ముచ్చట పోయింది. ఆ తర్వాత ఒకనాడు, "బండికి గుద్దుకొని తమ్మునిది చక్రం వంగితే, నాది ఇప్పి ఇచ్చిన. తోడవుట్టినోడు గదా," అని ఒక యాపారికి చెప్పిండు. ఆ యాపారి అన్నకు చేతులు జోడించిండు.

అన్న నా దిక్కు మర్రి, "గంతే కదా తమ్మీ?" అన్నడు.

ఆయన మొఖం చూసిన. అబద్ధమాడుతున్నోని మొఖం లెక్క లేదు. నిజమనే అనుకుంటున్నడు. నాకు గదే ఓర్వబుద్ధి కాలే. చేతుల ఉన్న ట్యూబు తొట్టిల పడేసి బయటికి నడిచిన.

తెల్లారి నుంచి చెరుకు బండి తోలే కూలికి పోయిన. నెల కాకముందే అన్న మా ఇంటికొచ్చిండు, అవ్వ అప్పుడు నా కాడనే ఉంటుండె. నేను లోపలి అర్రల కూసోని ఆయన గొంతు విన్న.

"గంత కోపమెందుకొచ్చింది వానికి? నేనేమన్న?" అని అవ్వను అడిగిండు.

అవ్వ చల్ల ఇచ్చింది. తాగి, కొద్దిసేపు కూసోని పోయిండు. నేను బయటికి రాలే.