కొస నమిలే పరీక్షకుడు

ఎడపల్లి దగ్గరి ఓ బెల్లం కార్ఖానాలో చెరకు నాణ్యత చూడటం భానుప్రసాద్ ఉద్యోగం. బండిలోంచి ఒక్క గడ లాగి, చేతికందిన కొస నమిలి, "చప్పగున్నది, వాపస్ తీస్కపో" అంటాడు. తీపంతా ఉండే మొదలు ఏనాడూ కొరికిన పాపాన పోలేదు.

ఈ మహానుభావుడు చదరంగం ఆడే కంప్యూటర్ ప్రోగ్రాములనూ పరీక్షిస్తాడు. ఒకప్పుడు ఓ గ్రాండ్‌మాస్టర్ ఏనుగును బలిచ్చి గెలిచిన పేరుమోసిన ఎత్తు ఒకటుంది. ఆ ఆటను ఆ ఎత్తు ముందు దాకా ఫోన్లో పెడతాడు. నిమిషంలో అదే ఎత్తు చూపకపోతే "దీనికి దిమాక్ లేదు" అని తీసిపారేస్తాడు. అలా పదకొండు పోయాయి. తనకు మాత్రం ఆ ఎత్తు పుస్తకం చూస్తేనే తెలిసింది.

మొన్న పన్నెండోది ఏనుగును బలివ్వకుండా గుర్రాన్ని జరిపింది. "ఇది గూడ ఫెయిల్" అన్నాడు. అప్పుడే అతను కాదన్న చెరకు బండి పక్కన నిలబడ్డ రైతు రాజలింగు, "దాంతోని ఆడి సూడుండ్రి సార్" అన్నాడు.

ఆడాడు. పదిహేను ఎత్తుల్లో అది అతని ఆట కట్టించింది.

"ఫోన్ ఖరాబైంది" అన్నాడు భానుప్రసాద్.

రాజలింగు బండిలోంచి గడ లాగి, మొదలు వైపు అతని నోటి ముందు పెట్టాడు.

"ఫోన్ మంచిగనే ఉన్నది సార్. గిప్పుడు గిది కొరుకుండ్రి."