ఎవరూ లాగని గంట

మొన్న శుక్రవారం మా అక్క కూతురు ఫోటో పంపింది. జర్మనీలో నర్సు ఉద్యోగానికి వెళ్ళిన పిల్ల. ఎర్రరాతి గోడలు, నాలుగు బురుజులు, వెనకగా నది. “మావయ్యా, ఇదే మా కొత్త ఊరు, ష్పయర్” అని రాసింది. ఆ ఊరు నేనెన్నడూ చూడలేదు గానీ, పేరు మాత్రం ఎప్పట్నించో తెలుసు.

సౌదీలోని యాన్బులో చూసి చూసి లెక్కలు నేర్చుకుని, నేను పైపుల కొలతలు వేసే రోజుల్లో, వెల్డింగు తనిఖీకి వచ్చిన జర్మనీ పెద్దాయనది ఆ ఊరే. అన్నాల వేళ నీడలో కూర్చుని, చక్రవర్తులను నేల కింద పడుకోబెట్టిన ఆ పెద్ద చర్చి గురించి చెప్పేవాడు. వాళ్ళలో ఒకణ్ణి మతం వెలివేసిందట. శవపేటికను లోపలికి రానివ్వక, పక్కనే ఇంకా ప్రార్థనలతో పవిత్రం చెయ్యని గదిలో అయిదేళ్ళు ఉంచారట. అతను చనిపోయినప్పుడు మాత్రం, ఎవరూ తాడు లాగకుండానే గంట మోగిందని ఊళ్ళో చెప్పుకుంటారట.

ఆ కథ వింటే నాకు మా బావే గుర్తొచ్చేవాడు. అదే దేశంలో ఖమీస్ ముషైత్‌లో మేస్త్రీగా పనిచేస్తూ చనిపోయిన ఆయన, అప్పటికింకా ఆస్పత్రిలో శవాలుంచే చల్లగదిలోనే ఉన్నాడు. ఆయన్ని పనిలో పెట్టుకున్న యజమాని, కఫీల్, శవాన్ని ఇంటికి పంపే కాగితం మీద సంతకం పెట్టడు. ఊళ్ళో అక్కేమో, ముఖం చూడందే బొట్టు తియ్యనని, రోజూ దిద్దుకుని గుమ్మంలో కూర్చునేది.

ఒక మధ్యాహ్నం గిన్నె మూత తీశానో లేదో, గంట మోగింది. బరువైన ఒక్క దెబ్బ, వెనకే సన్నగా సాగిన మోత. గుడి గంటగానీ చర్చి గంటగానీ లేని దేశం. లేచి చూశాను: క్రేన్లు ఆగి ఉన్నాయి, జెండా గుడ్డ కదలడం లేదు, పైపుల మూతలు బిగించే ఉన్నాయి. గంట విన్నావా అంటే, పక్కనున్న పాకిస్తానీ వెల్డరు నవ్వి, “క్యా భాయ్, దయ్యాలక్కూడా హిసాబ్ కడతావా?” అన్నాడు. అతనికేమీ వినపడలేదు. పెద్దాయన మాత్రం హెల్మెట్ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. సాయంత్రం చాయ్ రాకముందే కఫీల్ సంతకం పెట్టాడని కబురొచ్చింది. పెట్టె ఊరు చేరాక, అక్క బావ ముఖం చూసుకుని, బొట్టు తనే తుడుచుకుంది.

ఇప్పుడు ముఖాలూ గొంతులూ రెప్పపాటులో ఫోనులోకి వస్తున్నాయి. అప్పుడు కబురుకోసం పక్కన కూర్చుని ఎదురుచూసే మనుషులుండేవారు. నిన్న ఆ పిల్ల చర్చి గంట రికార్డు చేసి పంపింది. విన్నాను. అదే దెబ్బ, అదే సన్నని మోత. రోజూ దాని కిందుగానే డ్యూటీకి నడుస్తానని సంబరంగా రాసింది. వాళ్ళ నాన్న కోసం ఒకసారి అది ఇంత దూరం వచ్చి మోగిందని ఆ పిల్లకెలా చెప్పను?