అంతా బాగుందనే గదిలో

మిలిటరీ నుంచి వచ్చేసిన రెండో ఏడు, మా ఉద్దానం ఊరి నుంచి ప్రతి శనివారం టెక్కలి వెళ్ళేవాణ్ణి. అక్కడ ఒక మేడ గదిలో మాజీ సైనికులం ఆరుగురికి కోపాన్ని అదుపులో పెట్టుకోవడం నేర్పేవారు. నేర్పే డాక్టరమ్మ విశాఖ నుంచి వచ్చేది. కుర్చీలు గుండ్రంగా వేయించి, "ఇక్కడ ర్యాంకులు లేవు, ఎవరైనా ముందు మాట్లాడొచ్చు" అనేది. అన్నంత మాత్రాన పోతాయా? ఆవిడ అటు తిరగ్గానే మేం సీనియారిటీ ప్రకారం సర్దుకుని కూర్చునేవాళ్ళం. గుండ్రంలో మొదలూ చివరా ఎలా కనిపెట్టామో ఆవిడకి ఎప్పటికీ అర్థం కాలేదు.

మాలో పెద్ద ర్యాంకు సుబేదారు గారిది. ఆయనది మా పక్క ఊరే. వెన్ను నిటారుగా పెట్టి "అంతా బాగుంది" అనేవారు. పెద్దాయన బాగుందన్నాక కిందివాడు బాగులేదనడం ఎలా? మిగతా ఐదుగురం వరసగా అదే ముక్క అప్పజెప్పేవాళ్ళం. కోపం ఒంట్లో ముందు ఎక్కడ తెలుస్తుందని డాక్టరమ్మ అడిగితే తెలియదనేవాళ్ళం. ఊపిరి నెమ్మదిగా వదలమంటే, దాన్నీ డ్రిల్లులాగే చేసేవాళ్ళం.

ఇంట్లో మాత్రం ఏమీ బాగులేదు. ఒక పొద్దున్న పళ్ళెం కిందపడి చప్పుడైందని మా నాలుగేళ్ళ పాప మీద చెయ్యెత్తాను. కొట్టలేదు. కానీ ఆ రోజు నుంచి పాప నేనున్న గదిలోకి రావడం మానేసింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ శనివారం మా ఆవిడ పాపని పక్కింట్లో వదిలి, నాతోపాటు టెక్కలి వచ్చి మెట్ల దగ్గర కూర్చుంది.

"ఇయాల పాప సంగతి అక్కడ సెప్పు బావా. సెప్పకపోతే పాపని తీసుకుని నిమ్మాడ మా అమ్మోలింటికి ఎలిపోతాను" అంది.

పైన సుబేదారు గారు ఎప్పట్లాగే "అంతా బాగుంది" అన్నారు. నా వంతు రాకుండానే లేచి అటెన్షన్‌లో నిలబడ్డాను.

"బాగులేదు సర్" అన్నాను.

పాప సంగతి మొత్తం చెప్పాను. కోపం నాకు ముందు దవడల్లో తెలుస్తుందని, చెబుతుంటేనే తెలిసింది. పెద్దాయన మాట కాదన్నందుకు భయమేసింది. సరిహద్దులో కూడా అంత భయపడలేదు. ఆయన నావైపు చూడకుండా "కూకో" అన్నారు, అంతే.

కిందికొచ్చాక మా ఆవిడ "సెప్పీసినావా?" అని అడిగింది. తలూపాను. నిమ్మాడ వెళ్ళే మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఇంతలో సుబేదారు గారు మెట్లు దిగివచ్చి మా ఆవిడ ముందు ఆగారు.

"తల్లీ, వొచ్చే శనివారం మా ఇంటిదాన్ని నీతో తీసుకొత్తావేటి? నాను పిలిత్తే రాదు. నాతో మాటాడి ఆరేళ్ళయింది."

మా ఆవిడ ఆయన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది.

"తీసుకొత్తానండి" అంది.

అంటే వచ్చే శనివారానికి మా ఆవిడ మా ఇంట్లోనే ఉంటుంది.