బురద మీద నిటారుగా నిలిచే పడవ

అత్తమ్మ పోయిన సంగతి నాకు మామే చెప్పాడు. పొద్దున సూరత్‌లో ఉధనా దగ్గర బస్సు దిగి నేను పాఠాలు చెప్పే స్కూలు వైపు నడుస్తుంటే ఫోన్ మోగింది. పక్షవాతం వచ్చినప్పటి నుంచి మామ తనంతట తాను ఎవరికీ ఫోన్ చేసింది లేదు. అత్తమ్మే మాట్లాడి, చివర్లో ఫోన్ ఆయన చెవికి ఆనించేది. అందుకే ఆయన గొంతు వినగానే నా కాళ్ళు ఆగిపోయాయి.

"మీ అత్తమ్మ లేస్తలేదు బిడ్డా" అన్నాడు, ఒక్కో మాటనూ తడుముకుంటూ.

"జర గట్టిగ పిలువు మామా" అన్నాను.

"పిలిసిన" అన్నాడు.

ఫోన్‌లో వెనక నుంచి నీటిపిట్టల అరుపులు వినబడుతున్నాయి. నేను హజీరాలో వాళ్ళింటికి చేరేసరికి వాకిలి నిండా చేపలు పట్టేవాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. అత్తమ్మ ముఖం, డ్యూటీ దిగి వచ్చి కాసేపు కునుకు తీస్తున్నట్టే ఉంది.

ఆమె మీకెవరికీ తెలిసి ఉండదు. మా బాపుకు అక్క. బాపు జోల్వాలో మగ్గాల మీద పనికి కుదిరిన కొన్నాళ్ళకు, నర్సు చదువు పూర్తి చేసుకుని తానూ సూరత్ వచ్చింది. హజీరాలో ఒక కంపెనీ ఆసుపత్రిలో ఉద్యోగం. అక్కడే టగ్గుల మీద, అంటే పెద్ద ఓడలను రేవులోకి లాక్కొచ్చే చిన్న ఓడల మీద, ఇంజన్ మెకానిక్‌గా పనిచేసే మామను పెళ్ళి చేసుకుంది. పిల్లలు లేరు. సెలవులొస్తే నన్ను తీసుకుపోయేది. నా చిన్నతనంలో సగం వాళ్ళ కంపెనీ క్వార్టర్ వరండాలోనే గడిచింది.

ఎవరితో మాట్లాడుతున్నా అత్తమ్మ చెయ్యి అవతలివాళ్ళ మణికట్టు మీదికి పోయేది. నాడి చూస్తున్నానన్న ధ్యాస ఆమెకే ఉండేది కాదు. కూరగాయలామెతో బేరం ఆడుతూ కూడా ఆమె చెయ్యి పట్టుకునేది. టీ ముందు వాసన చూసి, తృప్తి పడ్డాకే తాగేది. గుజరాతీ దంచి కొట్టేది, కానీ వింటే మా కరీంనగర్ యాసలోనే ఉండేది. "మాట అర్థమైతే చాలు బిడ్డా, దానికి ఇస్త్రీ ఎందుకు" అనేది.

మామకు ఒక్కటే కల ఉండేది. రిటైరయ్యాక సొంతంగా తెరచాప పడవ. తెల్లది, సన్నగా పొడుగ్గా, కొంగ మెడలాంటి ముక్కుతో. ఎక్కడెక్కడి పత్రికల్లోంచో కత్తిరించిన పడవల బొమ్మలు బీరువా తలుపు లోపల అంటించి ఉండేవి. బట్టల కోసం తలుపు తీసినప్పుడల్లా సముద్రం కనిపించేది. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి చేతుల గ్రీజు కడుక్కుంటూ, "ముప్పై ఏండ్ల సంది ఇంజన్ సప్పుడే ఇనబడ్తున్నది. సప్పుడు లేని పడవల ఒక్కపారి పోవాలె" అనేవాడు. అత్తమ్మ నవ్వి టవల్ అందించేది.

రిటైరైన ఏడాదే ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పూర్తిగా, కుడి కాలు సగం పోయాయి. మాట మెల్లగా తిరిగొచ్చింది గానీ, మాట్లాడాలన్న కోరిక రాలేదు. క్వార్టర్ ఖాళీ చేసి ఖాడీ ఒడ్డున చిన్న ఇల్లు తీసుకున్నారు. సముద్రపు నీళ్ళు లోపలికి పాకే పాయను ఇక్కడ ఖాడీ అంటారు. పోటు వచ్చినప్పుడు అది నిండు నది. ఆటు వచ్చిందంటే కనుచూపు మేర మెరిసే బురద. మామ రోజంతా కిటికీ దగ్గర కూర్చుని ఆ నీళ్ళు రావడం, పోవడం చూసేవాడు. తినమంటే తినేవాడు, పడుకోమంటే పడుకునేవాడు. ఒకరోజు బీరువా తలుపు మీది బొమ్మలన్నీ ఎడమ చేత్తో పీకేశాడు.

ఆ రోజే అత్తమ్మ నాకు ఫోన్ చేసింది. "బిడ్డా, పడవ కొందాం. నువ్వు తోడు రా" అంది.

మొదట డామన్ వైపు వెళ్ళాం. అక్కడ ఒకాయన తన తెల్ల పడవ అమ్ముతున్నాడని విన్నాం. నిజంగా అందమైనది. నీళ్ళ మీద అది కదులుతుంటే పడుకున్న పిల్ల ఊపిరి తీస్తున్నట్టుంది. మామ ముఖంలో చాలా నెలల తర్వాత ఒక వెలుగు చూశాను. అత్తమ్మ మాత్రం ఆయన కాలిని చూస్తోంది. ఎక్కమని చెయ్యి అందించింది. పడవ పక్కకు వాలింది. మామ కాలు గాల్లో ఆగింది. ఇద్దరు మనుషులు ఎత్తి కూర్చోబెట్టాల్సి వచ్చింది. లోపల వంగి, పాకి వెళ్ళాలి. తాళ్ళన్నీ రెండు చేతులతో లాగాల్సినవే.

"నీళ్ళు తీసినప్పుడు ఇది ఎట్ల నిలుస్తది?" అని అత్తమ్మ హిందీలో అడిగింది.

"నిలవదు, ఒక పక్కకు పడిపోతుంది. దీనికి ఎప్పుడూ లోతు నీళ్ళుండాలి" అన్నాడు పడవాయన.

దాన్ని అక్కడే వదిలి తిరిగొచ్చాం.

తర్వాత హజీరా నుంచి ఫెర్రీ ఎక్కి అఖాతం దాటి అవతలికి వెళ్ళాం. పాత ఓడలను విడగొట్టే అలంగ్ దారి పొడవునా, వాటి సామాన్లు అమ్మే దుకాణాలుంటాయి. ఓడల మంచాలు, కుళాయిలు, పింగాణీ కంచాలు, గుండ్రటి కిటికీలు. ఎన్నో దేశాల ఇళ్ళు ఒకేసారి ఖాళీ చేసినట్టు ఉంటుంది. వాటి వెనక ఒక పెరట్లో ఆ పడవ కనిపించింది. ఓడ మీది లైఫ్‌బోటు అడుగు తీసుకుని ఒక మెకానిక్ దాన్ని తయారు చేశాడు. పొట్ట లావుగా ఉంది. మధ్యలో నీళ్ళ ట్యాంకులాంటి గది, చుట్టూ అద్దాలు, పక్కన వెడల్పాటి తలుపు. డీజిల్ ఇంజన్ ఉంది. గది పైన పొట్టి తెరచాప కొయ్య కూడా ఉంది. అడుగున రెండు పక్కలా రెండు దిట్టమైన పలకలు. నీళ్ళు లేకపోయినా ఆ రెండింటి మీదా అది నిటారుగా నిలబడుతుంది. చేయించుకున్నవాడే దాని రూపం చూసి వద్దని వెళ్ళిపోయాడట.

అత్తమ్మ తలుపులోంచి లోపలికి నడిచి వెళ్ళింది, తల వంచకుండా. చుక్కాని చక్రం ముందున్న కుర్చీలో కూర్చుని, కుడి చెయ్యి కొంగులో దాచుకుని, ఎడమ చేత్తో చక్రం అటూ ఇటూ తిప్పి చూసింది. బయటికొచ్చి "ఇదే" అంది.

మామ ముఖం తిప్పుకున్నాడు.

పడవ ఖాడీకి చేరిన రోజు ఊరంతా ఒడ్డుకు వచ్చింది. పక్కింట్లో చేపలు పట్టే ముసలాయన ఉండేవాడు. అందరూ ఆయన్ని కాకా అనేవాళ్ళు. కాకా దాని చుట్టూ ఒక చుట్టు తిరిగి, "నర్సుబేన్, యే నావ్ హై కి టెంపో?" అని అడిగాడు, ఇది నావా, టెంపోనా అని. అందరూ నవ్వారు. అత్తమ్మ కూడా నవ్వింది. "రెండూను కాకా. గాలి ఉంటే నావ, లేకుంటే టెంపో" అని గుజరాతీలో చెప్పింది. మామ కిటికీ రెక్క మూసేశాడు.

ఆయన అలక చాలా రోజులు సాగింది. ఈలోగా అత్తమ్మ కాకా దగ్గర శిష్యరికం చేసింది. చీర పైకి దోపుకుని, గాలి ఎటు నుంచి వస్తుందో చెంపల మీద చూసుకోవడం నేర్చుకుంది. తెరచాప గుడ్డ మా బాపు జోల్వాలో తెలిసినవాళ్ళ దగ్గర సంపాదించాడు. ఇటుక రంగు గుడ్డ. టెంట్లు కుట్టేవాడితో కుట్టించారు. ఆటు వేళ ఆమె పడవలోకి వెళ్ళి, బురద మీద నిలబడిన ఆ గదిలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకునేది. కిటికీలోంచి మామకు కనబడేలాగే కూర్చునేది.

ఒక ఆదివారం నేను అక్కడ ఉండగా మామ నోరు విప్పాడు. "గిదేం పడవ. సక్కగ లేదు" అన్నాడు.

"లేదు" అంది అత్తమ్మ.

"ఎవలన్న చూస్తే నవ్వుతరు."

"నవ్విన్రు. అయిపాయె. ఒడ్డు మీద నిలవడి చూస్తందుకు పడవ కావాలెనా నీకు, ఎక్కి పోతందుకు కావాలెనా?"

మామ ఆమె వైపు తిరిగి అన్నాడు. "నువ్వు నా కాలు చెయ్యి చూసి కొన్నవ్. పడవను చూసి కొనలే."

"అవు. నిన్నే చూసి కొన్న. ఇంకెవల్ని చూడాలె?" అంది ఆమె. గొంతు పెంచలేదు. చిక్కుడు గింజల గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. మామ తన కుడి చేతిని ఎడమ చేత్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, దానికేసి చూస్తూ ఉండిపోయాడు.

ఆయన్ని చివరికి కదిలించింది ఇంజన్. ఒక పొద్దున పోటు మీద అత్తమ్మ దాన్ని స్టార్ట్ చేస్తుంటే అది దగ్గి దగ్గి ఆగిపోతోంది. ఆమె మళ్ళీ ప్రయత్నిస్తోంది. కిటికీ దగ్గర మామ భుజాలు బిగుసుకున్నాయి. మూడోసారి ఆగిపోగానే చేతికర్ర అందుకుని లేచాడు. నేను పట్టుకోబోతే వద్దన్నాడు. ఒడ్డు దాకా తానే నడిచాడు.

"డీజిల్ పైపుల గాలి జొరబడ్డది. గట్లనే తిప్పుతవేంది, పాడుచేస్తవా?" అన్నాడు.

"నాకేం ఎరుక? సూది అయితే చెప్పు, ఎక్కిస్త" అంది అత్తమ్మ.

మామ ఆ వెడల్పాటి తలుపు కమ్మీ పట్టుకున్నాడు. పడవ కొంచెమైనా వాలలేదు. లోపలికి అడుగు పెట్టాడు, ఇంకో అడుగు పెట్టాడు. వెనకే నేనూ ఎక్కాను. ఇంజన్ మూత తీయించి, ఎడమ చేత్తో స్పానర్ పట్టుకుని, పైపు వదులు చేసి గాలి తీసి మళ్ళీ బిగించాడు. ఇంజన్ అందుకుంది. ఆ చప్పుడు ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. తెరిచేసరికి ఒడ్డు వెనక్కి జరుగుతోంది. కాకా ఒడ్డు మీంచి మా తాడు విప్పేశాడు.

ఆ రోజు ఖాడీ దాటి అఖాతంలోకి వెళ్ళాం. నీళ్ళు పాలు కలిపిన టీ రంగులో ఉన్నాయి. దూరంగా కంపెనీల పొగగొట్టాలు ఎండలో కరిగిపోయినట్టు కనిపిస్తున్నాయి. వెనక్కి తిరిగేసరికి ఆటు మొదలైంది. అప్పుడే ఒక తెగిన వల పడవ అడుగున తిరిగే పంకా రెక్కలకు చుట్టుకుంది. ఇంజన్ ఆగిపోయింది. నీళ్ళు మమ్మల్ని సముద్రం వైపు లాగుతున్నాయి. పొగగొట్టాలు చిన్నవవుతున్నాయి. అత్తమ్మ చెయ్యి నా మణికట్టు మీదికి వచ్చింది.

"గాలున్నది. సముద్రం దిక్కు నుంచే వస్తున్నది, ఇంటి దిక్కు" అన్నాడు మామ. ఎడమ చేత్తో చక్రం పట్టుకున్నాడు. "గుడ్డ లేపుండ్రి."

అత్తమ్మా నేనూ తాడు లాగాం. ఇటుక రంగు గుడ్డ పైకి వెళ్ళి, ఒకసారి కొట్టుకుని, గాలితో నిండింది. అంతే, నిశ్శబ్దం. పడవ మెల్లగా, బరువైన గేదెలా, నీటికి ఎదురు నడవసాగింది. మామ ఎన్నో ఏళ్ళుగా వినాలనుకున్నది ఆ నిశ్శబ్దాన్నే. ఆయన బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి. అత్తమ్మ కొంగుతో తుడిచింది, కానీ ఆయన చూపుకు అడ్డం రాకుండా పక్కనుంచి తుడిచింది.

ఖాడీ ముఖం దాకా వచ్చాం గానీ, ముందుకు పోవడానికి నీళ్ళు మిగల్లేదు. అడుగు మెత్తగా బురదను తాకింది. చుట్టూ నీళ్ళు తీసేశాయి. పడవ రెండు పలకల మీద కదలకుండా నిలబడింది. మామ తలుపులోంచి ఎడమ చెయ్యి చాచి గోడను తట్టినట్టు దాని పక్కను తట్టాడు. కాసేపటికి కాకా బురదలో నడుచుకుంటూ వచ్చి వల కోసేశాడు. పోటు వచ్చేదాకా ఆగాలి కదా, అత్తమ్మ స్టవ్ వెలిగించి టీ పెట్టింది. వాసన చూసి అందరికీ పోసింది. ఆ సాయంత్రం బురద అంతా గులాబీ రంగయింది. పీతలు బొరియల్లోంచి వచ్చి మమ్మల్ని చూసి వెళ్ళాయి. మామ ఆగకుండా మాట్లాడుతూనే ఉన్నాడు. టగ్గుల గురించి, తన మొదటి జీతం రోజుల గురించి, అత్తమ్మను తొలిసారి ఆసుపత్రి కిటికీలోంచి చూడటం గురించి. ఆమె వింటూ, తెలిసిన కథలే అయినా "ఊ" కొడుతూ కూర్చుంది. నీళ్ళు వచ్చి పడవను ఎప్పుడు ఎత్తాయో మాకు తెలియలేదు. దీపం ఒక్కటి కొద్దిగా ఊగింది.

ఆ తర్వాత నీళ్ళు, గాలి కుదిరినప్పుడల్లా వాళ్ళు వెళ్ళేవాళ్ళు. నడవలేని వాళ్ళను అత్తమ్మ వెతికి మరీ ఎక్కించేది. మంచం పట్టిన కాకా భార్యను కూడా కుర్చీతో సహా ఆ తలుపులోంచి లోపలికి తీసుకుపోయి సముద్రం చూపించింది. "ఎక్కలేనోళ్ళు ఎక్కిన్రంటే అదే మంచి పడవ" అనేది. పడవకు పేరు పెట్టమంటే మాత్రం ఒప్పుకోలేదు. "టెంపో అంటున్రు కదా, మంచిగనే ఉన్నది" అనేది.

నన్ను కూడా ఆమె అలాగే ఎక్కించుకుని దాటించింది, చాలాసార్లు. బాపు పని పోయిన ఏడాది నా చదువు ఆగకుండా చూసింది. పెళ్ళి సంబంధాల్లో నేను తడబడుతుంటే, "ఫోటోల మంచిగ కనవడే మనిషి కాదు, జరమొస్తే నీ పక్కన కూసునే మనిషి ఎవలో చూడు" అంది. నేను చేసుకున్న మనిషికి బట్టతల. అత్తమ్మకు ఆయనంటే ప్రాణం.

కర్మకాండలన్నీ అయ్యాక, బంధువులు వెళ్ళిపోయాక, ఒక మధ్యాహ్నం మామ చొక్కా మార్చుకుని బయటికి వచ్చాడు. నేను తోడు వస్తానన్నాను. "వద్దు బిడ్డా. కాకా ఉన్నడు. జర ఒక చుట్టు ఏసి వస్త" అన్నాడు. పోటు నిండుగా ఉంది. ఇంజన్ చప్పుడు ఖాడీ మలుపు దాకా వినిపించి ఆగిపోయింది.

నేను మిద్దె మీదికి వెళ్ళి చూశాను. మలుపు అవతల ఉప్పు మడుల గట్టు ఎత్తుగా ఉంటుంది. నీళ్ళు గానీ, పడవ గానీ కనబడవు. గట్టు మీద ఆ ఇటుక రంగు తెరచాప ఒక్కటే కనిపిస్తోంది. మేస్తున్న గేదెల మధ్యలోంచి, తెల్లటి ఉప్పు కుప్పల పక్కనుంచి, నేల మీదే నడుస్తున్నట్టు అది తొందర లేకుండా సముద్రం వైపు పోతోంది. ఒక గేదె తల ఎత్తి చూసి, దారి ఇస్తున్నట్టు పక్కకు జరిగింది.