గౌస్ భాయ్ బిగించిన వించ్

నా అరవై ఏళ్ల జీవితంలో నన్ను చెంపమీద కొట్టిన ఒకే ఒక్క మెకానిక్ గౌస్ మొహియుద్దీన్. తప్పు నాదే. ఆ రోజు పంజాగుట్టలో అతని షెడ్డు ముందు ఒక జీపుకి వించ్ పరీక్ష జరుగుతోంది. వించ్ అంటే, బురదలో దిగబడ్డ బండిని ఇనుప తాడుతో బయటికి లాగే మోటారు. షెడ్డు ఎదురుగా కాంక్రీటులో పాతిన స్తంభానికి కొక్కెం తగిలించి, తాడు మీద తడి గోనెసంచి కప్పి లాగించనిదే ఏ బండినీ గేటు దాటనివ్వడు. నేను ఇన్సూరెన్స్ సర్వేయర్ని, ఏదైనా దగ్గర్నుంచి చూడాలనే రోగం నాకుంది. బిగిసిన తాడు దాటబోయాను. చెంప ఛెళ్లుమంది.

“తాడు తెగితే మీ తల గా గోడ మీద ఉంటుండె, ప్రసాద్ సాబ్,” అన్నాడు. వెంటనే నాకు చాయ్ తెప్పించాడు. ఎనిమిదేళ్ల కిందట మా స్నేహం అలా మొదలైంది.

అతని ఎడమచేతికి మూడు వేళ్లే. మిగతా రెండూ ఇరవై రెండో ఏట వికారాబాద్ అడవిలో పోయాయి. అతనికి పని నేర్పిన ఉస్తాద్ నర్సింహులు ఒక జీపుకి తీసి పెట్టుకునే వించ్ అమర్చాడు. ఛాసిస్‌కి, అంటే బండి అడుగు చట్రానికి, చదరపు గొట్టం ఒకటి బిగిస్తారు, వించ్‌ని అందులోకి తోసి అడ్డంగా లావుపాటి పిన్ను గుచ్చుతారు. పని అయ్యాక పిన్ను లాగేసి వించ్‌ని ఇంట్లో పెట్టుకోవచ్చు. ఆ బండి ఓనరు అసలు పిన్ను ఎక్కడో పారేసుకుని, చేతికందిన మామూలు బోల్టు దూర్చి తెచ్చాడు. తాడు చెట్టుకి కట్టి లాగుతుంటే, బండి బురదలోంచి సగం లేచాక ఆ బోల్టు రెండు ముక్కలైంది. నలభై కిలోల ఇనుము ఎగిరొచ్చి, చెట్టు దగ్గర నిలబడ్డ నర్సింహులు ఛాతీని పగలగొట్టింది. పక్కనున్న గౌస్ రెండు వేళ్లని తాడు కోసుకుపోయింది. ఉస్తాద్ అక్కడికక్కడే పోయాడు.

అప్పట్నుంచి పిన్ను అంటే గౌస్‌కి ఒళ్లు మంట. ఊడదీయలేని ఫిక్స్‌డ్ వించ్ తప్ప మరోటి చేసేవాడు కాదు. మిగతావాళ్లు వించ్ కూర్చునే ఇనుప బంపర్‌ని బోల్టులతో బిగించి ఊరుకుంటారు, ఇతను ఆ బోల్టు తలల మీద కూడా వెల్డింగ్ పోసేవాడు. ఇక దాన్ని విప్పాలంటే గ్యాస్ కట్టర్ ఒక్కటే దారి.

“నేను పెట్టింది ఖయామత్ దాకా, దునియా ఖతమయ్యేదాకా ఊడది, సాబ్,” అనేవాడు.

ఆ గొప్పలు వింటే నాకు చిర్రెత్తుకొచ్చేది. ముప్పై ఏళ్లుగా గుద్దుకున్న బండ్లు చూస్తున్నవాణ్ని. సొట్ట చూసి ఓనరు ఎంత అబద్ధమాడుతున్నాడో చెప్పగలను.

“గౌస్ భాయ్, అడవికి వెళ్లే రోజు తగిలించుకుని, మిగతా రోజులు ఇంట్లో పెట్టుకునేదే మంచిది. కంపెనీ బంపర్ ప్లాస్టిక్‌ది. మనిషికి తగిలితే అది నలుగుతుంది. నీ ఇనుము నలగదు. అమీర్‌పేట సందుల్లో దీన్ని ముందు పెట్టుకుని తిరిగితే, ఏదో ఒకనాడు ఎవరి కాలో పోతుంది.”

“కాలెందుకు పోతది సాబ్? బండికి బ్రేకులు లేవా?” అని నవ్వేవాడు.

పోయిన జులైలో ఒక సాయంత్రం గౌస్ కూతురు గజాలా, అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు క్లాసు ముగించుకుని ఇంటికొస్తోంది. పంజాగుట్ట ఫ్లైఓవర్ దిగే చోట రోడ్డు దాటుతుంటే ఒక జీపు వచ్చి కొట్టింది. ఆగలేదు. పిల్ల కుడికాలు మోకాలి కింద నుజ్జయింది. ఎముక పిండైపోయిందని డాక్టరు చెప్పాడు. తెల్లారేసరికి కాలు తీసేశారు. పందొమ్మిదేళ్ల పిల్ల. ఆ రాత్రంతా నేను దేవుణ్ని తిట్టుకుంటూనే ఉన్నాను.

పొద్దున తొమ్మిదింటికి, షెడ్డుకి తాళమేసి వస్తానంటే గౌస్‌ని ఆస్పత్రి నుంచి నా స్కూటర్ మీద తీసుకెళ్లాను. షట్టర్ ముందు నల్ల జీపు ఒకటి ఆగి ఉంది. భార్గవ్‌ది. బంజారా హిల్స్‌లో ఉంటాడు, ఆదివారాలు బురదలో బండి తిప్పే సరదా. రెండేళ్ల కిందట ఆ వించ్ పెట్టింది గౌసే.

“గౌస్ భాయ్, అర్జెంటు. ఈ బంపర్ కోసేసి పిన్ను మోడల్ పెట్టెయ్. ముందునుంచీ అదే ఉన్నట్టు కనపడాలి,” అన్నాడు భార్గవ్.

“ఏమైంది సార్?”

“నిన్న ఫ్లైఓవర్ దగ్గర ఎవరో అమ్మాయి అడ్డమొచ్చింది. చిన్న టచ్. పోలీసులు చూస్తే ఇదో గొడవ.”

నేను బంపర్ వైపు చూశాను. ఒక్క గీత లేదు. తాడు బయటికొచ్చే రోలర్ల మధ్య మాత్రం చిలకాకుపచ్చ గుడ్డ పేలిక ఇరుక్కుని ఉంది. గజాలా దుపట్టా రంగు అదే. గౌస్ మూడు వేళ్లతో ఆ పేలికను మెల్లగా లాగి జేబులో పెట్టుకున్నాడు. అతని మొహంలో ఏమీ కనపడలేదు.

“ఇంజన్ ఆన్ చెయ్యండి సార్. కోసేముందు జర లోడ్ చూస్తా.”

భార్గవ్ తాళం తిప్పి దిగాడు. గౌస్ కొక్కెం తీసుకెళ్లి స్తంభానికి తగిలించి రిమోట్ నొక్కాడు. బండి చక్రాలు కీచుమంటూ నేల గీసుకుపోయి, బంపర్ స్తంభానికి కొట్టుకుంది. అయినా వదల్లేదు. మోటారు కాలిన వాసన వచ్చేదాకా నొక్కి, రిమోట్ వైరు పీకి పారేశాడు.

“పిచ్చెక్కిందా నీకు?” భార్గవ్ అతని కాలర్ పట్టుకున్నాడు.

గౌస్ గుద్దిన గుద్దుకి భార్గవ్ ముక్కు పగిలి చొక్కా ఎర్రబడింది. భార్గవ్ జాకీ రాడ్డు అందుకుని అతని భుజం మీద వేశాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. గౌస్ రెండో చేత్తో రాడ్డు గుంజుకుని విసిరేసి, అతన్ని కింద పడేసి, రొమ్ము మీద కూర్చుని కొట్టాడు. అబద్ధమెందుకు, నాకు సంతోషమేసింది. ఇంకో నాలుగు తగలాలనుకున్నాను. అంతలో గౌస్ చెయ్యి సుత్తి వైపు వెళ్లింది. వెనకనుంచి వాటేసుకున్నాను.

“నువ్వు జైలుకెళ్తే గజాలా కళ్లు తెరిచి ఎవర్ని చూస్తుంది?”

సుత్తి కింద పడింది. అప్పుడు ఏడ్చాడు, నేల మీద తల కొట్టుకుంటూ ఏడ్చాడు.

పోలీసులకు నేనే ఫోన్ చేశాను. వాళ్లు వచ్చేలోగా భార్గవ్ బండి విడిపించుకోవాలని చూశాడు. తాడు బిగిసి, దాన్ని వదిలే వించ్ లివర్ కదల్లేదు. స్పానర్ పట్టుకుని బంపర్ కిందికి దూరాడు. విప్పడానికి బోల్టు తల ఒక్కటీ దొరకలేదు, అన్నిటి మీదా గౌస్ వెల్డింగ్. పిన్ను ఉంటే రెండు నిమిషాల్లో లాగేసి పారిపోయేవాడు.

“అమ్మాయిని గుద్దింది ఎవరు?” ఎస్సై అడిగాడు.

“బండి నడిపింది గీయన. గా ఇనుము పెట్టింది నేను. సాబ్ వద్దని చెప్పినా పెట్టిన. ఇద్దరి పేర్లు రాసుకోండి,” అన్నాడు గౌస్.

కేసు నడుస్తోంది. గౌస్ భుజం అతికింది గాని చెయ్యి పైకి లేవదు. పాత కస్టమర్లకి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి పిలిచి, తను పెట్టిన ఫిక్స్‌డ్ బంపర్లు తనే కోసేస్తున్నాడు. వాటి బదులు గొట్టం, పిన్ను. రాని వాళ్ల ఇళ్లకి కట్టర్ పట్టుకుని వెళ్లి తిట్లు తింటున్నాడు.

గజాలాకి కొత్త కాలొచ్చింది. మోకాలి కింద తొడుక్కునే తొడుగు, దాని అడుగున ఇనుప పిన్ను. లేచి నిలబడి బరువేస్తే ఆ పిన్ను కొత్త కాల్లోకి దిగి బిగుస్తూ టిక్కు టిక్కుమంటుంది. మొన్న పొద్దున నేను వెళ్లేసరికి గౌస్ కూతురి ముందు నేలమీద కూర్చుని, ఆ కాలికి చెవి ఆనించి ఉన్నాడు.

“పిన్ను పడ్డది అబ్బాజాన్, క్లాసుకి టైమైతుంది,” అంది గజాలా.

“ఇంకోసారి నిలబడు బేటా,” అన్నాడు గౌస్.