కారు దేవుడిది, టాక్స్ నాది

కంపెనీ ఇచ్చిన కారుని దసరా కాకముందే తిరిగిచ్చేశాను. అప్పట్నుంచి కూర్మన్నపాలెం జంక్షన్లో బస్సెక్కి, రాడ్డు పట్టుకుని వేలాడుతూ ఆఫీసుకెళ్తన్నాను. అయినా కారు వాడుకుంటున్నందుకు పడే టాక్స్ మాత్రం నెలనెలా నా జీతంలో కోస్తూనే ఉన్నారు. ఇవాళ ఒళ్లు మండి అకౌంట్స్‌లో ఉన్న మా అప్పలరాజుని నిలదీశాను.

"కారే లేదు కదా, ఇంకా టాక్స్ ఏటి బావా?"

"నువ్వు రెండో తాళం ఇవ్వనేదు బావా. అదొస్తేగానీ కారు వెనక్కొచ్చినట్టు లెక్క కాదు. అందాకా సిస్టంలో అది నీకాడే ఉంటాది."

సాయంత్రం ఇంటికొచ్చి బీరువాలన్నీ తిరగేశాను. మా ఆవిడ కాసేపు నా అవస్థ చూసి, తాపీగా దేవుడి గదిలోకెళ్లి, పటం వెనక నుంచి తాళం తీసుకొచ్చింది. కారు కొత్తగా వచ్చిన రోజు పూజ చేయించి, పసుపూ కుంకుమా పెట్టి, తనే అక్కడ పెట్టిందట.

"కారు ఇచ్చేసినప్పుడైనా చెప్పొచ్చు కదే?"

"దేవుడికాడ పెట్టింది ఎలా తీసేత్తాం?"

రేపు తీసుకెళ్లి ఇచ్చేస్తాను. బొట్టు మాత్రం తుడవొద్దని ఆర్డరు.

మీరూ ఓసారి పటాల వెనక వెతికి చెప్పండి, మీ దేవుడు ఏ బండి వాడుతున్నాడో!